రిహార్సల్ ఎన్నింటికి?

పెళ్ళి చేసి చూడు, ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళలో ఎవరికైనా నాటక సమాజం నడిపిన అనుభవం ఉంటే మూడోది కూడా తప్పకుండా చేర్చి ఉండేవారు. పెళ్ళి ఒక్కసారి చేస్తే అయిపోతుంది. ఇల్లు ఒక్కసారి కడితే మన తరానికి సరిపోతుంది. నాటక సమాజం అలా కాదు. ప్రతి ఏడూ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. కథ వెతకాలి, మనుషుల్ని వెతకాలి, డబ్బులు వెతకాలి, చివరికి చూసేవాళ్ళని కూడా మనమే వెతుక్కోవాలి!

గోదావరి జిల్లాలో మాదో చిన్న ఊరు. ఆ ఊళ్ళో ఒక నాటక సమాజం ఉంది. బ్యాంకు గుమాస్తా, హైస్కూలు తెలుగు మాస్టారు, ఎల్‌ఐసీ ఏజెంటు, టైలరు, కరెంటు పని చేసే కుర్రాడు... పగలంతా ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుని, రాత్రిపూట నాటకం ఆడేవాళ్ళు. ఎవరికీ దమ్మిడీ ఆదాయం లేదు. పైగా పరిషత్తు పోటీలకి వెళ్ళినప్పుడల్లా వ్యాను అద్దెకి తలా కొంత చేతినుంచే పడుతుంది. అయినా ముప్ఫై ఏళ్ళకి పైగా నడిచింది. మావారు అందులో సభ్యులు. నేను వాళ్ళకి రెండు నాటికలు రాసిచ్చాను. రాసిచ్చానంటే, ఇంట్లో కూర్చుని రాసి వారి చేతికిచ్చి పంపించాను. రిహార్సల్ చూసింది మాత్రం లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి మొదలై పన్నెండింటికి ముగిసే రిహార్సల్‌కి, పొద్దున్నే క్యారేజీలు కట్టాల్సిన ఇల్లాలు ఎలా వెళుతుంది?

ఆ సమాజానికి ఇరవై ఏళ్ళకి పైగా కార్యదర్శిగా ఉన్న మాస్టారు కాలం చేశారు. సంతాప సభ బాగా జరిగింది. ఆయన లేని లోటు తీరదని అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ మాటే నిజమైంది. రెండేళ్ళపాటు ఊళ్ళో ఒక్క నాటకం పడలేదు. ఎందుకంటే, బీరువా తాళం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఏ పరిషత్తు వాళ్ళకి ఎప్పుడు ఉత్తరం రాయాలో తెలీదు. మేకప్ అతని ఫోను నెంబరు తెలీదు. సమాజానికి ఎవరు ఎంత ఇవ్వాలో, సమాజం ఎవరికి ఎంత బాకీ ఉందో అసలే తెలీదు. అన్నీ మాస్టారి తలలోనే ఉన్నాయి. ఆయనతోపాటే వెళ్ళిపోయాయి.

ఒకరోజు మాస్టారి భార్య నాకు కబురు పెట్టారు. మేమంతా ఆవిణ్ణి పిన్నిగారూ అనే పిలుస్తాం. "అటక మీద ట్రంకుపెట్టెలో నాటకాల బట్టలున్నాయమ్మా. చీడ పట్టేస్తోంది. మీవాళ్ళు ఎవరైనా వచ్చి తీసుకెళితే బాగుండును" అన్నారు. నేనూ, మా వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ వెళ్ళాం. పెట్టె దింపాం. జరీ పంచెలు, పోలీసు టోపీ, ఒక నల్లకోటు, పెట్టుడు జడలు, నాఫ్తలీన్ ఉండల వాసన. అన్నిటికీ అడుగున ఒక పాత పాలలెక్క పుస్తకం ఉంది.

అది పిన్నిగారిది. పాలు, పంచదార, కాఫీపొడి, బియ్యంపిండి అన్నీ నెలవారీగా రాసుకున్నారు. కొన్ని నెలల్లో పాల లెక్క పక్కన "రిహా" అని చిన్నగా రాసి ఉంది. ఆ నెలల్లో పాలు రెట్టింపు. ఒకచోట "గాజులు - సేటు - సెట్టింగు వ్యాను" అని ఉంది. నేను తలెత్తి ఆవిడ వంక చూశాను. "తర్వాత విడిపించార్లే" అన్నారు పిన్నిగారు నవ్వుతూ.

అంతమంది మగవాళ్ళు అన్నేళ్ళపాటు నడిపిన సమాజానికి కాగితం మీద మిగిలిన ఒకే ఒక్క లెక్క అది! అప్పుడర్థమైంది నాకు, మన ఊళ్ళలో నాటక సమాజాలు ఎలా నిలబడ్డాయో, ఎందుకు పడిపోతాయో కూడా.

ఈ మాట ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. తెలుగు నాటకం అంతా ఇలాంటి అభిమానుల భుజాల మీదే నడిచింది. 1880లో వీరేశలింగం గారు రాజమండ్రిలో తన విద్యార్థుల చేత నాటకం ఆడించారు. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి ప్రదర్శించింది జగన్నాథ విలాసినీ సభ. అటు బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి సరసవినోదినీ సభ మద్రాసు వెళ్ళి నాటకాలాడితే, అవి చూసిన ఉత్సాహంతోనే పమ్మల్ సంబంధ మొదలియార్ 1891లో అక్కడ సుగుణ విలాస సభ పెట్టారు. రామకృష్ణమాచార్యుల వారు, సంబంధ మొదలియార్ ఇద్దరూ న్యాయవాదులే. బళ్ళారి రాఘవ కూడా ప్లీడరే. అంటే మన నాటకానికి పునాది వేసినవాళ్ళలో చాలామంది పగలు ఒక వృత్తి, రాత్రి మరో లోకం ఉన్నవాళ్ళే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. ఆ తరవాత ఊరూరా పరిషత్తులు వచ్చాయి. వాటికోసం సమాజాలు పుట్టాయి, పెరిగాయి, చాలావరకు కార్యదర్శితోనే ముగిసిపోయాయి.

మరి 1885లో మొదలై తరాల తరబడి నడిచిన సురభి సంగతేమిటి అని మీరడగచ్చు. కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచకవధ'తో మొదలుపెట్టిన నాటక సమాజం అది. వాళ్ళది వృత్తి, మనవాళ్ళది అభిరుచి. రెండింటినీ పోల్చడం సరికాదు, నిజమే. కానీ సురభి నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. బయట సమాజాల్లో మగవాళ్ళే మీసాలు తీసేసి ఆడవేషాలు వేస్తున్న రోజుల్లో, సురభిలో ఆడవాళ్ళ పాత్రలు ఆడవాళ్ళే వేశారు. భార్య నటి, కూతురు నటి, పసిపిల్ల బాలకృష్ణుడు. వాళ్ళ వంటిల్లూ రంగస్థలమూ ఒకే డేరాకి అటూ ఇటూ ఉండేవి. నాటకం ఆగిపోతే ఇల్లే ఆగిపోతుంది. కాబట్టి ఆగకుండా చూసుకోవడం ఇంటిల్లిపాదీ పని అయింది. మన సమాజాల్లో మాత్రం ఇంటాయన ఒక్కరే సభ్యుడు. మిగతా ఇల్లంతా, తెలిసో తెలీకో, పెట్టుబడి!

ఇంకో దిక్కు చూడండి. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హెగ్గోడు ఒక చిన్న పల్లెటూరు, చుట్టూ పోకతోటలు. 1949లో ఆ ఊరివాళ్ళు కొందరు కలిసి సరదాగా నాటక సంఘం పెట్టుకున్నారు. పేరు నీలకంఠేశ్వర నాట్య సేవా సంఘం, అందరూ నీనాసం అంటారు. మన ఊళ్ళ సంఘాల్లాంటిదే. మరి అదెలా నిలబడింది? వాళ్ళు నాటకం ఒక్కదాన్నే పట్టుకు కూర్చోలేదు. పుస్తకాలు అచ్చేశారు. సినిమా సంఘం పెట్టి మంచి సినిమాలు పల్లెటూరివాళ్ళకి చూపించారు. 1980లో నాటకం నేర్పే బడి పెట్టారు. 1985 నుంచి 'తిరుగాట' పేరుతో ఒక బృందాన్ని ఊరూరా తిప్పడం మొదలుపెట్టారు. దాని వెనకున్న కె.వి. సుబ్బణ్ణ గారికి 1991లో మెగసెసే పురస్కారం వచ్చింది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. 2005లో ఆయన పోయాక కూడా నీనాసం మూతపడలేదు. తాళంచెవి ఒక్కరి మొలలో ఉండిపోలేదన్న మాట. నాటకం ఆడేవాళ్ళతోపాటు చూసేవాళ్ళని, చదివేవాళ్ళని, నేర్చుకునేవాళ్ళని కూడా తయారుచేసుకున్నారు. ఒకరు తప్పుకుంటే ఇంకొకరు ముందుకొచ్చేందుకు మనుషులున్నారు.

మన దగ్గర కొత్తవాళ్ళు ఎందుకు రావడం లేదు? "ఈకాలం పిల్లలకి సెల్‌ఫోను తప్ప ఇంకేం పట్టదండీ" అంటారు మన పెద్దలు. "టీవీ సీరియళ్ళు వచ్చి నాటకాన్ని మింగేశాయి" అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఊళ్ళో సగం జనాభాని గుమ్మం బయటే నిలబెట్టి, మనుషులు దొరకడం లేదని దిగులు పడితే ఎలా?

సమాజాలవాళ్ళు నాటిక ఎంచుకునేటప్పుడు మొదట అడిగేది కథ ఏమిటని కాదు. "ఆడపాత్రలెన్ని?" అని. రెండుంటే పెదవి విరుస్తారు. ఒకటుంటే ఆలోచిస్తారు. అసలు లేకపోతే సంతోషిస్తారు. స్త్రీ పాత్రలు లేని నాటికలు అని ఒక జాతే పుట్టింది మన భాషలో. నా మొదటి నాటికలో అత్త, కోడలు, ఆడపడుచు ముగ్గురూ ఉంటే, "అమ్మా, అత్తగార్ని ఫోటోలో పెట్టేద్దాం, ఆడపడుచుని ఫోన్లో మాట్లాడించేద్దాం" అన్నారు మాస్టారు. నేను ఒప్పుకున్నాను కూడా. ఏంచేస్తాను? ఒక్కో నటికీ బయటి ఊరినుంచి రాకపోకలు, పారితోషికం, భోజనం అన్నీ చూడాలి. ఆవిడ చివరి రెండు రిహార్సల్స్‌కి వస్తుంది. పాపం, నాలుగు ఊళ్ళలో నాలుగు పాత్రలు ఒంటపట్టించుకుని, రాత్రి బస్సుల్లో తిరుగుతూ బతుకుతుంది. ఆ బృందం మొత్తంలో నాటకం మీదే అన్నం తినేది ఆవిడొక్కతే. అందరికంటే ఎక్కువ మాటలు పడేదీ ఆవిడే. మన ఇళ్ళలోంచి ఎవరూ రాకుండా చేసుకుని, వచ్చినావిణ్ణి చిన్నచూపు చూడటం ఎంత అన్యాయం!

ఆడవాళ్ళకి నాటకం చేతకాదనే మాట ఎవరైనా అంటే నవ్వొస్తుంది. స్త్రీల పాత్రలు స్త్రీలే వెయ్యాలని బళ్ళారి రాఘవ గారు ఆ రోజుల్లోనే పట్టుబట్టారు. 1940లలో ప్రజానాట్యమండలి రోజుల్లో మోటూరి ఉదయం గారు ఆడవాళ్ళ బుర్రకథ దళం కట్టి ఊరూరా తిరిగారు. బస్సుల్లేని రోజుల్లో, కరెంటు లేని ఊళ్ళలో వాళ్ళు చెయ్యగలిగారు. మనకి ఇప్పుడు అడ్డమేమిటి?

మా ఊళ్ళో ఆ పాలలెక్క పుస్తకం దొరికాక, సమాజం సభ్యులూ వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళూ ఒక ఆదివారం మధ్యాహ్నం మునిసిపల్ స్కూల్లో కూర్చున్నారు. "మీలో ఎవరికైనా నాటకంలో పనిచెయ్యాలని ఉందా?" అని అడిగితే ముందు ఎవరూ పలకలేదు. కాసేపటికి వెనకనుంచి ఒకావిడ, టైలరుగారి భార్య, "రిహార్సల్ ఎన్నింటికండీ?" అంది. అంతే. అప్పటిదాకా కళాసేవ గురించీ, అంకితభావం గురించీ మాట్లాడినవాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ ప్రశ్న అన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు మరి.

ఆ రోజు నుంచి జరిగింది చెబుతాను. ఇవి పెద్ద సిద్ధాంతాలు కావు. ఏ ఊళ్ళోనైనా చెయ్యదగ్గవే.

మొదటిది, వేళ. రిహార్సల్ సాయంత్రం ఆరున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ఆపెయ్యాలని తీర్మానం చేశాం. సీను మధ్యలో ఉన్నా సరే. మొదట్లో మగవాళ్ళు గొణిగారు. అంతకుముందు తొమ్మిదిన్నరకని పిలిస్తే పదింటికి వచ్చి, పదిన్నర దాకా కబుర్లు చెప్పుకునేవారట. ఇప్పుడు గంట కొట్టినట్టు వస్తున్నారు. దూరం నుంచి వచ్చే అమ్మాయిల్ని ఇంటిదాకా దిగబెట్టే వంతు కూడా కాగితం మీద రాసి గోడకి అంటించాం.

రెండోది, చోటు. రిహార్సల్ ఎవరింట్లోనూ వద్దన్నాం. స్కూలు హాలు అడిగితే హెడ్‌మిస్ట్రెస్ ఇచ్చారు. ఇంట్లో అయితే ఆ ఇంటావిడ వంటగదికే అంకితమైపోతుంది. హాల్లో అయితే ఆవిడా కుర్చీలో కూర్చుంటుంది. టీ ఫ్లాస్కు తెచ్చే వంతు అందరిదీ, నాయకుడి వేషం వేసేవాడితో సహా. పిల్లల్ని తెచ్చుకోవచ్చు. వెనక బెంచీల మీద హోంవర్కు చేసుకుంటారు. మూడోవారానికి పెద్దవాళ్ళు డైలాగు మరిచిపోతే అందించేది వాళ్ళే!

మూడోది, లెక్క. నెలకింతని చందా. ఎంత చిన్నదైనా సరే, అందరూ ఇవ్వాలి. వచ్చిందీ పోయిందీ నెలాఖరున పైకి చదవాలి. ప్రదర్శనకి టికెట్టు పెట్టాలి. "మన ఊళ్ళో నాటకానికి డబ్బిచ్చి ఎవరొస్తారు?" అన్నారు కొందరు. 1993లో హైదరాబాదులో రసరంజని మొదలైనప్పుడు కూడా టికెట్టు నాటకం అంటే నవ్వినవాళ్ళు ఉండే ఉంటారు. ఊరికే చూసేవాడు మధ్యలో లేచిపోతాడు. ఇరవై రూపాయలిచ్చినవాడు కూర్చుంటాడు. బాగాలేకపోతే బాగాలేదని చెబుతాడు కూడా. అదీ మనకి అవసరమే.

నాలుగోది, తాళంచెవి. కార్యదర్శి పదవి రెండేళ్ళకి మించి ఎవరికీ వద్దు. ప్రతి పనికీ ఇద్దరుండాలి, ఒకరు చేసేవాళ్ళు, ఒకరు నేర్చుకునేవాళ్ళు. లైట్ల దగ్గర, తెర దగ్గర, మేకప్ దగ్గర, ఉత్తరాలు రాసే దగ్గర కూడా. కొత్తగా వచ్చిన పిల్లకి మొదటిరోజే ఏదో ఒక పని చేతికివ్వాలి. పని లేకుండా కూర్చోబెట్టిన మనిషి రెండోరోజు రాదు.

అయిదోది, తేదీ. పోటీలుంటేనే నాటకం, లేకపోతే లేదు అనుకుంటే సమాజం బతుకు పరాయి ఊరివాళ్ళ చేతిలో పెట్టినట్టే. ఏడాదికి ఒక్కరోజు మనది ఉండాలి. వీరేశలింగం గారి పుట్టినరోజు ఏప్రిల్ 16 తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజు మా ఊళ్ళో ఏదో ఒకటి జరిగి తీరాలనుకున్నాం. నాటకం తయారుకాని ఏడాది కుర్చీల్లో కూర్చుని చదివి వినిపించినా సరే. దీపం చిన్నదైనా ఫరవాలేదు, ఆరిపోకూడదు.

"అభిమానంతో చేసే పనికి ఇన్ని షరతులూ లెక్కలూ ఏమిటమ్మా?" అన్నారు ఒక పెద్దాయన. ఆయన మాటలో బాధ ఉంది. పాతరోజుల్లో లెక్క చూసుకోకుండా ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ళని ఆయన కళ్ళారా చూశారు. వాళ్ళ త్యాగాన్ని తక్కువ చెయ్యలేం. కానీ ఒక్కమాట. లెక్క లేని అభిమానానికి ఖరీదు ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. కట్టేవాళ్ళ పేరు కరపత్రం మీద ఉండదు, అంతే తేడా. లెక్క రాస్తే అభిమానం తగ్గదు. బరువు పదిమంది భుజాల మీదికి మారుతుంది.

ఇంకో మాట కూడా విన్నాను. "ఇంటికొచ్చినవాళ్ళకి నాలుగు కాఫీలివ్వడం కూడా ఒక కష్టమేనా?" అని. ఈ మాట అన్నది ఆడవాళ్ళే. దీనికి సమాధానం పిన్నిగారే చెప్పారు. "కాఫీ పెట్టడం నాకెప్పుడూ కష్టం అనిపించలేదమ్మా. మా ఇంట్లో అంత సందడి ఉంటే నాకూ సంతోషమే. కాకపోతే, అన్నేళ్ళూ నాటకం నాకు వంటింట్లోకి వినపడిందే గానీ కనపడలేదు. ఎప్పుడూ సగం మాటలు వినపడేవి. కుక్కర్ కూతేస్తే అవీ పోయేవి. ఒక్కసారైనా మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూడాలని ఉండేది" అన్నారు. మేం ముగ్గురం మాట్లాడలేకపోయాం.

అందుకే చెబుతున్నాను. మీ ఊళ్ళో కూడా ఇలాంటి సమాజం ఒకటి ఉండే ఉంటుంది. నాటకమే కానక్కర్లేదు. భజన బృందం కావచ్చు, గ్రంథాలయం కావచ్చు, కాలనీ సంఘం కావచ్చు. ఎవరో ఒక్క మనిషి నడుపుతుంటారు. ఆయన వెనక పేరులేని ఇంకో మనిషి ఉంటుంది. ఆ ఇద్దరూ అలిసిపోకముందే వెళ్ళి పలకరించండి. "మీకు సాయం కావాలా?" అని అడగకండి, మొహమాటానికి వద్దంటారు. "ఏ పని నాకిస్తారు?" అని అడగండి. మీ ఇంట్లో మగవాళ్ళు అందులో సభ్యులైతే, ఈ వారం ఫ్లాస్కు వాళ్ళ చేతికిచ్చి, మీరు వెళ్ళి కుర్చీలో కూర్చోండి. ఆకాశం ఏమీ విరిగి మీద పడదు!

మొన్న మా పక్కింటి ఇంటర్ చదివే అమ్మాయి నాటకంలో వేస్తానని వాళ్ళమ్మతో అందిట. ఇదివరకటి రోజులైతే "నలుగురూ ఏమనుకుంటారే!" అనే జవాబొచ్చేది. ఆవిడ మా ఇంటికొచ్చి, "రిహార్సల్ ఎన్నింటికండీ?" అని మాత్రమే అడిగింది. "ఆరున్నరకి. ఎనిమిదిన్నరకి ఇంటిదగ్గర దిగబెడతాం" అన్నాను. "అయితే పంపిస్తాను. నేనూ వచ్చి కూర్చోవచ్చా?" అంది.

వచ్చే నాటికలో అత్త ఉంది, కోడలు ఉంది, ఆడపడుచు కూడా ఉంది. ఎవర్నీ ఫోటోలో పెట్టడం లేదు. మొదటి వరసలో కుర్చీ ఒకటి పిన్నిగారికని పేరు రాసి పెట్టాం.